టీవీ సౌండు పెరిగినప్పుడు

నిన్న సాయంత్రం ఇడ్లీ పిండి కలుపుతుంటే పక్క పోర్షన్‌లో టీవీ సౌండు ఒక్కసారిగా పెరిగింది. ఏదో సీరియల్. ఎవరి పెళ్ళో ఆగిపోయినట్టుంది, డప్పులూ ఏడుపులూ కలిసి మా గోడ దాటి వచ్చాయి. పోయిన నెలే ఆ పోర్షన్‌లో ఒక కొత్త జంట దిగింది. కోదాడలో కిరాయి ఇళ్ళంటే గోడకు గోడ ఆనుకునే ఉంటాయి కాబట్టి, ఎవరైనా విసుక్కుని తలుపేసుకుంటారు. నాకలా కాదు. సౌండు అలా హఠాత్తుగా పెరిగితే చేతిలో పని ఆపేస్తాను. ఆ వెంటనే మా అత్తమ్మ నర్సమ్మ గుర్తొస్తుంది.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. చదువు లేదు, ఆస్తి లేదు, చివరికి లేచి నిలబడే కాలు కూడా లేదు. అయినా నేను ఇవాళ ఇక్కడ బట్టల షాపులో పనిచేసుకుంటూ, తల ఎత్తుకుని నా బతుకు నేను బతుకుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే. అత్తలంటే గయ్యాళులని సీరియళ్ళు చూసి నమ్మేవాళ్ళకు నా అత్తమ్మ కథ మింగుడుపడదు.

మాది గరిడేపల్లి. నన్ను మిర్యాలగూడలో ఇచ్చారు. నా భర్త రైస్‌మిల్లులో గుమస్తా. బయట మనిషి వెన్నపూస, వాడకట్టులో అందరికీ తలలో నాలుక. ఇంట్లో మాత్రం కూరలో ఉప్పు తగ్గినా చేయి లేచేది, పుట్టింటికి ఫోన్ చేసినా లేచేది. అయితే చేయి లేపే ముందు ఒక పని చేసేవాడు. రిమోట్ తీసుకుని టీవీ సౌండు పెంచేవాడు. కోపంలో ఉన్నవాడిలా కాదు, తాపీగా, తెర మీద ఒక్కో గీతే. దెబ్బకన్నా ఆ గీతలు పెరగడం చూస్తుంటేనే నాకు ఎక్కువ భయమేసేది. మా ఎదురింట్లో కిరాణా కొట్టు నడిపే పద్మక్కకు ఈ సంగతేమీ తెలియదు. "ఏందే రజితా, మీ ఆయనకు చెవుడా ఏంది? మీ ఇంట్ల వార్తలు మా కొట్లకు ఫ్రీగ ఇనబడ్తున్నయ్" అని ఆటపట్టించేది. నేనూ నవ్వేదాన్ని. ఇంటిగుట్టు లంకకు చేటని మా అమ్మ నేర్పింది మరి.

అత్తమ్మ ఒకప్పుడు మిల్లుల్లో బియ్యం చెరిగిన మనిషి. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయాక వెనకగదిలో మంచానికే పరిమితమైంది. మొదట్లో నాకు ఆమె మీద ఒళ్ళు మండేది. అన్నీ వింటుంది, ఒక్కమాట అనదు. ఒకరోజు అన్నం పెడుతూ అడిగేశాను.

"అత్తమ్మా, నీకు ఏం ఇనబడ్తలేదా?"

"ఇనబడ్తది బిడ్డా. నా నోరు ఆడికి లెక్కలేదు" అంది. నిజమే. ఆమె ఏదన్నా అనబోతే కొడుకు "నీకెందుకే అవ్వా, ఊకో" అనేవాడు. అంతటితో ఖతం.

మా ఇంట్లో డిష్ బాక్సు ఒకటే, అది ముందుగదిలో ఉండేది. దాన్నుంచే వైరు లాగి అత్తమ్మ మంచం ముందు పాత చిన్న టీవీ పెట్టారు. ముందుగదిలో ఏ ఛానల్ వస్తే ఆమెకూ అదే, ఇక్కడ సౌండు పెరిగితే అక్కడా పెరిగేది. భక్తి ఛానల్ పెట్టమని ఆమె లోపల్నుంచి పిలిస్తే ఆయనకు చిరాకు. చివరికి ఆయనే మెకానిక్‌ను పిలిచి, ఆ వైరు చివర చిన్న సెన్సార్ పెట్టించి, ఆమెకో రిమోట్ కొనిచ్చాడు. వెనకగదిలో నొక్కితే ముందుగదిలో బాక్సు వినేది. "ఇగ నన్ను పరేషాన్ చెయ్యకు" అన్నాడు. ఏ బటన్ ఏం చేస్తుందో నేనే ఒక్కొక్కటీ చూపించాను. ఆమె చిన్నపిల్లలా తలూపింది. రెండు రోజులకు, "బిడ్డా, నీ బొట్టుబిళ్ళ ఒకటి ఇయ్యి" అంది. మామయ్య పోయినప్పట్నుంచీ ఆమె నుదుట బొట్టు లేదు. "ఎందుకత్తమ్మా?" అంటే, "ఇయ్యే, నీకెందుకు" అంది. ఎవరూ చూడకుండా అద్దంలో ముచ్చట తీర్చుకుంటుందేమో పాపం అనుకుని, ఉన్నవాటిలో పెద్దది ఏరి ఇచ్చాను.

ఆ వారంలోనే మా అన్న కూతురి ఓణీల ఫంక్షన్‌కు గరిడేపల్లి పోయొస్తానని అడిగాను. ఆయన రిమోట్ అందుకున్నాడు. సౌండు పెరిగింది. వార్తల్లో ఎవరో ఇద్దరు గొంతులు చించుకుంటున్నారు. ఆయన లేచి నా జుట్టు పట్టుకున్నాడు.

టీవీ మూగబోయింది.

తెర మీద నోళ్ళు కదులుతున్నాయి, మాట లేదు. ఆయన తిట్టిన ప్రతి బూతూ ఇంట్లోంచి వీధిలోకి స్పష్టంగా పోయింది. ఆయనే అదిరిపడ్డాడు. మళ్ళీ రిమోట్ నొక్కాడు, సౌండు వచ్చింది. మళ్ళీ చేయెత్తాడు, మళ్ళీ పోయింది. దెబ్బ నా వీపు మీద పడింది, నేను అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఇన్నాళ్ళూ ఆ గొంతు నాకు కూడా వినపడలేదు కదా!

గుమ్మంలో పద్మక్క. చేతిలో సగం కట్టిన చక్కెర పొట్లం. వెనక కొట్టుకు వచ్చిన వాళ్ళు.

"ఏం లేదక్కా, టీవీ ఖరాబైంది" అన్నాడు ఆయన, నవ్వు తెచ్చిపెట్టుకుని.

"టీవీ ఖరాబైతే పిల్ల ఎందుకేడుస్తది?" అంది పద్మక్క.

మర్నాడు మెకానిక్ వచ్చాడు. బాక్సు మంచిగానే ఉందన్నాడు. "ఇంకో రిమోట్ ఉంది గద, దాంతోని ఎవరన్న నొక్కుతున్నరేమో" అన్నాడు. ఆయన పగలబడి నవ్వాడు. "అది మా అవ్వది. ఆమెకు భక్తి ఛానల్ పెట్టుకునుడే గగనం."

నేను నవ్వలేదు. ఆయన మిల్లుకు పోగానే వెనకగదిలోకి పరిగెత్తి దిండు ఎత్తి చూశాను. రిమోట్ ఉంది. సౌండు ఆపే బటన్ మీద నా ఎర్ర బొట్టుబిళ్ళ అంటించి ఉంది. రిమోట్‌ను ఆమె కళ్ళ ముందుకు తెచ్చి చూపించాను.

"నువ్వేనా అత్తమ్మా?"

"కండ్లు సరిగ ఆనవు. గుర్తుకు పెట్టుకున్న" అంది. "నా నోరు ఎట్లాగు లేకపాయె. గా టీవీ నోరన్న మూపిద్దామనుకున్న."

తర్వాత చూపు పైకప్పు వైపు తిప్పింది. "మీ మామ రేడియో పెట్టెటోడు బిడ్డా."

"ఏంది?"

"నన్ను కొట్టెటప్పుడు. వాడకట్టుకు ఇనబడొద్దని. నీ మొగడు గప్పుడు గింతంత పోరడు. వాళ్ళ నాయిన ‘పెంచురా’ అంటె, ఉరికి పొయ్యి గుండీ తిప్పెటోడు."

ఆ తాపీతనం ఎక్కడ నేర్చాడా అని ఎన్నిసార్లు అనుకున్నానో! ఆమె ఒంటిచేత్తో నా తల నిమిరి, "నేను గిది బందు చేస్త. కాని వాడకట్టుకు ఇనబడేటట్టు ఒర్రుడు నువ్వే ఒర్రాలె. నీ బదులు నేను ఒర్రలేను" అంది.

"నేను పోతే నిన్నెవరు చూస్తరు అత్తమ్మా?"

"సూర్యాపేటల నా బిడ్డ లేదా? నేను పండుకోని బతుకుత. నువ్వు నిలబడి బతుకు."

ఆయన మళ్ళీ రిమోట్ అందుకోవడానికి ఎన్నో రోజులు పట్టలేదు. సౌండు పెరిగింది, పోయింది. ఈసారి నేను దెబ్బ పడేదాకా ఆగలేదు. "పద్మక్కా! వీడు నన్ను కొడ్తున్నడు" అని వీధి దద్దరిల్లేలా అరిచాను. కొట్టు కొట్టంతా మా ఇంట్లోకి వచ్చింది. కబురందుకుని మర్నాడు మా అన్న వచ్చాడు. నేను బ్యాగు సర్దుకుని అత్తమ్మ కాళ్ళకు మొక్కడానికి పోతే, వెనకే ఆయనా వచ్చాడు. ఆమె రిమోట్‌ను దాచలేదు, పొట్ట మీదే పెట్టుకుంది. బొట్టుబిళ్ళ చూసి ఆయన ముఖం పాలిపోయింది.

"అవ్వా, నువ్వా?"

"అవ్ బిడ్డా. పెంచుడు నీకు మీ నాయిన నేర్పిండు. తగ్గించుడు నేను నేర్పకపోతి."

ఆ నెలలోనే ఆడబిడ్డ ఆమెను సూర్యాపేట తీసుకుపోయింది. నేను పోయినప్పుడల్లా, "ఎవ్వళ్ళన్న ఛానల్ మార్చుండ్రే" అని దర్జాగా కేకలేస్తూ కనిపించేది. పోయిన వానాకాలంలో కన్నుమూసింది. కన్నతల్లి పోయినట్టే ఏడ్చాను, అదీ గట్టిగా.

నిన్న పిండి చేత్తోనే పోయి పక్కింటి తలుపు కొట్టాను. చాలాసేపటికి ఆ అబ్బాయి తీశాడు.

"ఏంటండీ?"

"టీవీ సౌండ్ తగ్గించు."

"టీవీయే కదండీ, కాసేపాగి..."

"తగ్గించు. తగ్గేదాక నేను గీడనే ఉంట."

నా ముఖంలో ఏం కనపడిందో, లోపలికి పోయి తగ్గించాడు. డప్పులు ఆగాయి. వంటింటి వైపు నుంచి ఎవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెక్కుతున్నట్టు చప్పుడు.

"టీవీ మంచిగనే ఉంది గదా," అన్నాను. "మరి పిల్ల ఎందుకేడుస్తది?"