హాస్టల్ పిల్లలకు బ్లూస్ నేర్పిన ఏడాది

బందరు శివార్లలోని ఆ రెసిడెన్షియల్ స్కూల్లో నన్ను పెట్టుకున్నది ప్రార్థన గీతాలకీ, యాన్యువల్ డేకీ. గుడివాడలో పొద్దున్నే పాసింజరు ఎక్కి వెళ్లేదాన్ని. శనివారం ఆఖరి పీరియడ్ మాత్రం నా ఇష్టానికి వదిలేశారు, లెక్కల మాస్టారికి ఆ పూట ఖాళీ లేదు కాబట్టి. అందులో ఆరో తరగతి పిల్లలకి జాజ్, బ్లూస్ వినిపిద్దామనుకున్నాను. అవంటే నాకు ప్రాణం. ఫోన్లో వింటూ, రైల్లో ఒక్కదాన్నే తలాడించుకుంటూ, పిచ్చిదాన్నని పేరు కూడా తెచ్చుకున్నాను.

ముందు జాజ్ మొదలుపెట్టాను. అందరికీ తెలిసిన ట్యూను ఒకటి కలిసి వాయిస్తారని, ఆ తర్వాత ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు దాన్ని తమకి తోచినట్టు అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారని చెప్పాను. పప్పుచారు అందరిళ్లలోనూ పప్పుచారే, ఎవరింటి రుచి వాళ్లది కదా అన్నాను. పిల్లలు బుద్ధిగా తలలూపారు. ఒక ట్రంపెట్ ముక్క వినిపిస్తే మళ్లీ వెయ్యండి, మళ్లీ వెయ్యండి అని అడిగారు. నా సంబరం అంతా ఇంతా కాదు. వచ్చేవారం మీకు తోచినట్టు పాడుకుని రండి అన్నాను. వచ్చేవారం క్లాసు క్లాసంతా నిలబడి ఆ ముక్కనే నోటితో అప్పజెప్పింది. వాయించినాయన ఊపిరి పీల్చుకున్న చోట ఊపిరి పీల్చుకున్నారు. రికార్డింగులో ఎవరో దగ్గితే, ఆ దగ్గు కూడా దగ్గారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాళ్లని అని ఏం లాభం? తెల్లారకముందే లేపి స్టడీ అవర్లో కూర్చోబెట్టి మనం నేర్పుతున్నది బట్టీయే.

ఆ తర్వాత బ్లూస్. అమెరికాలో పత్తి చేలల్లో చాకిరీ చేసిన నల్లజాతివాళ్ల పాటల్లోంచి పుట్టిందని, గోడు వెళ్లబోసుకోవడానికి పాడుకునేదని చెప్పాను. ఒక మాట అనాలి, అదే మాట మళ్లీ అనాలి, మూడో లైనులో దానికి జవాబు చెప్పాలి. మీ కష్టం ఏదైనా పాడండి అన్నాను. కూరలో ఉప్పెక్కువైందని ఎవరో పాడితే అందరూ నవ్వారు. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. వాళ్లది దివిసీమలో ఓ పల్లె. ఆ ఏడే చేరింది. క్లాసులో నోరు విప్పగా నేనెప్పుడూ చూడలేదు. గోడకేసి చూస్తూ పాడింది.

"ఆదివారమొచ్చింది, అమ్మ రాలేదు.
ఆదివారమొచ్చింది, మా అమ్మ రాలేదు.
గేటు కాడ నిలబడితే లోపలికి పొమ్మన్నారు."

ఆ "మా" తనే చేర్చింది. అక్కడ గొంతు కొద్దిగా కిందికి జారింది. ఎవరూ నేర్పగలిగింది కాదది.

క్లాసయ్యాక నా దగ్గరికొచ్చి, అమ్మ వచ్చినప్పుడు ఇది పాడొచ్చా అని అడిగింది. తనని ఇంటికి తీసుకెళ్లిపొమ్మని అమ్మకి చెప్పాలట. మాటల్లో చెప్పబోతే ఏడుపొచ్చేస్తుందట. హాస్టల్ ఫోను వార్డెన్ పక్కన నిలబడి స్పీకర్లో పెట్టి మాట్లాడిస్తుంది కాబట్టి అందులో పిల్లలందరూ బాగున్నామనే చెబుతారు. యాన్యువల్ డేకి మీ అమ్మ వస్తుందిగా, స్టేజీ మీద పాడుదువుగాని అని మాటిచ్చాను.

ప్రిన్సిపాల్ గారు రిహార్సల్‌కి వచ్చారు. చెడ్డ మనిషి కాదు. ట్యూను బ్రహ్మాండంగా ఉందన్నారు. ఒక్క పిల్లకే పాట ఇస్తే మిగతా తల్లిదండ్రులు ఊరుకోరు, క్లాసంతటితో యాక్షన్ సాంగ్ చేయించమన్నారు. మూడో లైను మార్చమన్నారు.

"అడ్మిషన్ల టైమండీ. ఇప్పుడు గేటు సంగతి ఎందుకు చెప్పండి?"

"అమ్మలాంటి బడి ఉంది, దిగులెందుకు మాకు" అని కొత్త లైను ఆయనే రాసిచ్చారు. నేను గట్టిగానే పోట్లాడాను. అయితే ఐటెమ్ తీసేద్దాం అన్నారు. తీసేస్తే ఆ పిల్లకి స్టేజీయే లేదు. మొదటి రెండు లైన్లయినా తల్లి చెవిన పడతాయన్న ఆశతో ఒప్పుకున్నాను.

యాన్యువల్ డే సాయంత్రం పిల్లలందరూ ఒకే రంగు గౌన్లూ చొక్కాలూ వేసుకుని, మొదటి రెండు లైన్లకి చెంపకి చెయ్యి ఆనించి దిగులు నటించారు. మూడో లైనుకి చేతులు పైకెత్తి గెంతారు. ఆ పిల్ల కూడా అందరితో సమానంగా గెంతింది. చప్పట్లు మారుమోగాయి.

ప్రోగ్రాం అయ్యాక తల్లి కూతురి చెయ్యి పట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. రొయ్యల చెరువుల మీద కూలికెళ్లే మనిషి, ఎండకి మొహం కమిలిపోయి ఉంది.

"ఫోన్లో దీని గొంతు అదోలా ఉండేదండీ. బెంగెట్టుకుందేమో, తీసుకెళ్లిపోదామనే వచ్చాను. ఈ పాట విన్నాక మనసు కుదుటపడింది."

పాట మీ అమ్మాయి కట్టిందేనని, అయితే తను పాడిన మూడో లైను ఇది కాదని చెప్పాను. తల్లి ఆశ్చర్యంగా కూతురి వంక చూసి, ఏదీ, నువ్వు కట్టింది పాడమంది.

పిల్ల నోరు తెరిచింది. కాసేపు తడుముకుంది. నెలంతా రోజూ రిహార్సలే మరి. చివరికి చెంపకి చెయ్యి ఆనించుకుని స్టేజీ మీద పాడినట్టే పాడింది, మూడో లైనుతో సహా. చేతులు కూడా పైకెత్తింది. ఆ క్షణాన నాకు సంగీతమంటేనే అసహ్యం వేసింది.

తల్లి మురిసిపోయి దాని తల నిమిరింది. పదో తరగతి దాకా ఇక్కడే ఉంచుతామని సారుకి చెప్పొస్తానంటూ ఆఫీసు రూము వైపు నడిచింది. పిల్ల అప్పుడు చేతులు దించి, "అది కాదమ్మా" అంది. తల్లి అప్పటికే లోపలికి వెళ్లిపోయింది.