అడగకుండా ఇచ్చిన గౌరవం

మా అంకుల్ పోయారు. పోయిన మంగళవారం పొద్దున టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, వచ్చి కుర్చీలో కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. ఆంటీ ఫోన్ చేసి, "నువ్వు రామ్మా, నాకేం తోచడం ల్యా" అంది. ఆఫీసుకు బయల్దేరబోతున్న నేను కారు తాళాలు అలాగే చేతిలో పట్టుకుని నడిచి వెళ్ళాను. మాసన్ లేక్స్‌లో మా వరసలో మూడో ఇల్లు వాళ్ళది. ఈ దేశంలో పెద్దవాళ్ళందరినీ మనం అంకులనే పిలుస్తాం గానీ, మా ఇంట్లో ఏ పేరూ చేర్చకుండా అంకుల్ అంటే పద్నాలుగేళ్ళుగా ఆయనే.

వాళ్ళ గేటు తీస్తుండగానే ఫోన్ మోగింది. మా ఫుట్‌బాల్ క్లబ్ ప్రెసిడెంట్ పంపిన మెసేజ్. అంకుల్ ఆ క్లబ్‌లో గోల్ అంపైర్, నేను సెక్రటరీని. వార్త ప్రెసిడెంట్‌కు అప్పుడే ఎలా చేరిందో తెలియదు. విచారం ఒక వాక్యం. తర్వాత, క్లబ్ తరఫున నివాళి నువ్వే రాయాలి, ఆయన గౌరవం కోసం నిరుడు మనమంతా ఎంత కష్టమైన నిర్ణయం తీసుకున్నామో కూడా అందులో ఒక మాట వెయ్యి, అని. గేటు దగ్గర నిలబడి అది చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. లోపల ఆంటీ ఒక్కతే ఉందని గుర్తొచ్చి ఫోన్ సంచీలో పడేశాను.

ఆ నివాళి నేను రాయలేదు. రాయను. దాని బదులు ఇది రాస్తున్నాను.

ఇక్కడి ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోలగా ఉంటుంది, మైదానానికి రెండు కొసల్లో నాలుగేసి గుంజలుంటాయి. బంతి నడిమి రెండు గుంజల మధ్య నుంచి పోతే ఆరు పాయింట్లు, వాటి పక్క నుంచి పోతే ఒక్కటి. గుంజకు తగిలినా ఒక్కటే. ఆ గుంజల మధ్య నిలబడి, ఆరైతే రెండు వేళ్ళు, ఒకటైతే ఒక వేలు ఎత్తి చెప్పి, జెండా ఊపే మనిషే గోల్ అంపైర్. చిన్న క్లబ్బుల ఆటల్లో ఈ పనికి ఎవరూ ముందుకు రారు. ఏది చెప్పినా సగంమంది తిడతారు.

అంకుల్‌ది కడప. హాస్పిటల్‌లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. వాళ్ళమ్మాయి బళ్ళో ఈ ఆట మొదలుపెట్టినప్పుడు దింపడానికి వచ్చి, ఆ రోజు జెండాలు పట్టేవాళ్ళు లేకపోతే పట్టుకున్నారట. అమ్మాయి పెళ్ళి చేసుకుని పెర్త్ వెళ్ళిపోయింది, ఈయన మాత్రం గుంజల మధ్యే ఉండిపోయారు. మనవాళ్ళ పార్టీల్లో ఆయన్ని ఆట పట్టించేవాళ్ళు, ఈ వయసులో ఎండలో నిలబడి జెండాలు ఊపడమేంటి అంకుల్, అని. "మీరు ఆఫీసులో తలలు ఊపడం ల్యా?" అనేవారు ఆయన.

శనివారం అందరికంటే ముప్పావుగంట ముందు వచ్చేవారు. ముక్కు మీద తెల్లటి సన్‌స్క్రీన్ పట్టించి, గుంజలకు చుట్టిన మెత్తలు బిగువుగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ తట్టి చూసేవారు. సగం ఆటప్పుడు అందరూ క్యాంటీన్ ముందు మాంసం కూరిన మీట్ పైల కోసం వరస కడితే ఆయన కారులో కూర్చుని పెరుగన్నం తినేవారు. సూపర్ మార్కెట్లో పాత పేషెంట్లు ఎదురైతే, వాళ్ళంతట వాళ్ళు పలకరించేదాకా తెలియనట్టే ఉండేవారు. వాళ్ళు ఏ మందు వాడారో ఈయనకు తెలుసు కదా, ఆ తెలియడం వాళ్ళకు ఇబ్బంది కాకూడదని. "నాకు కనపడింది చెప్తా. కనపడంది చెప్పను" అన్నది ఆయన మాట. గోల్ అంపైరింగ్ గురించే అంటున్నారని చాలాకాలం అనుకున్నాను.

ఇక నిరుటి ఆ నిర్ణయం ఎవరి గురించో, ఆ ఆటగాడి సంగతి. మా క్లబ్ పిల్లల టీముల్లోనే పెరిగాడు. ఎంత ఎత్తు ఎగిరి బంతి పట్టేవాడంటే, ఎదుటి టీమువాళ్ళ అమ్మానాన్నలు కూడా చప్పట్లు కొట్టేవారు. కోపమూ అంతే ఎత్తు. పదిహేడేళ్ళప్పుడు ఒక సెమీఫైనల్లో చివరి నిమిషంలో తన్నిన బంతి గుంజను రాసుకుంటూ పోయింది. సొంత క్లబ్ మనిషే అయినా అంకుల్ ఒక్క వేలే ఎత్తారు. మ్యాచ్ పోయింది. వాడు వచ్చి ఆయన్ని రెండు చేతులతో తోశాడు. అంకుల్ వెల్లకిలా పడ్డారు, ఎడమ మణికట్టు విరిగింది. వాడికి ఆరు వారాల సస్పెన్షన్ పడింది. ఆ సంగతి ఇప్పటికీ మా క్లబ్‌లో కథగా చెప్పుకుంటారు.

అయినా ఆ మరుసటి ఏడే పెద్ద లీగ్ క్లబ్ ఒకటి వాణ్ణి ఎంచుకుంది. ఆరేళ్ళు టీవీలో చూశాం. తర్వాత తాగి పబ్బులో కొట్లాట, ప్రాక్టీసుకు రాకపోవడం, మళ్ళీ కొట్లాట. చివరికి జాబితాలోంచి తీసేశారు. ఇక్కడి భాషలో డీలిస్ట్ అంటారు. నిరుడు సీజన్ ముందు వాడు మా క్లబ్‌కు ఉత్తరం రాశాడు, మళ్ళీ మీ దగ్గర ఆడతాను, తీసుకుంటారా అని. వాడి చేతిరాతతో ఒక పేజీ. కమిటీలో ఏడుగురం కూర్చున్నాం.

భయపడడానికి కారణాలు లేకపోలేదు. దాచుకోవడం ఎందుకు, నాకూ ఉన్నాయి. మా అమ్మాయి అండర్ ఫోర్టీన్స్‌లో ఆడుతుంది, ఇలాంటివాడు తన ఎదురుగా తిరుగుతుంటే ఎలా అని నేనూ అనుకున్నాను. ప్రెసిడెంట్ భయం వేరు. వాడు వస్తే ఆడే చోటులో అప్పటికి ఆయన మేనల్లుడు ఆడుతున్నాడు. ఈ భయాల్లో ఒక్కటీ ఎవరం పైకి అనలేదు. ప్రెసిడెంట్ గొంతు తగ్గించి, మన గోల్ అంపైర్‌కు ఇంత జరిగాక, ఆ పెద్దాయన మొహం ఎలా చూస్తాం, ఆయన మీద గౌరవంతోనైనా వద్దనాలి, అన్నాడు. అందరి మొహాలూ తేటపడ్డాయి. అయిదుగురు వద్దన్నారు. ఆ అయిదుగురిలో నేనున్నాను. 'గోల్ అంపైర్ మనోభావాల పట్ల గౌరవంతో' అని మీటింగ్ మినిట్స్‌లో రాసింది కూడా నేనే.

ఆ పెద్దాయన క్లబ్బు నుంచి పది నిమిషాల దూరంలో ఉన్నారు, మా ఇంటికి మూడో ఇంట్లో ఉన్నారు. ఒక్క ఫోన్ చేసి అడగాలని ఒక్కరికీ తోచలేదు. తెల్లవాళ్ళకు తోచకపోతే పోయింది, నాకెందుకు తోచలేదు? పెద్దవారిని ఇలాంటి వాటిలోకి లాగి ఇబ్బంది పెట్టకూడదని మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు కాబట్టి. అదే గౌరవమని నేను నిజంగానే అనుకున్నాను.

మినిట్స్ అందరికీ ఈమెయిల్‌లో వెళ్తాయి. ఆ సాయంత్రమే కాగితం ప్రింట్ తీసుకుని అంకుల్ మా ఇంటికొచ్చారు. కూర్చోలేదు.

"ఏమ్మా, ఇది నువ్వేనా రాసినావు?"

"అవును అంకుల్."

"నా మనసు నొచ్చుకుంటాదని రాసినావే, నా మనసు సంగతి నీకెవురు చెప్పినారు?"

"పెద్దవాళ్ళు, మిమ్మల్నెందుకు డిస్టర్బ్ చేసుడు అని..."

"ఆ పిల్లోని మొహాన తలుపేసి, గడియ తెచ్చి నా చేతికిచ్చినారు కదమ్మా."

అప్పుడు చెప్పారు. సస్పెన్షన్ పడిన మొదటి వారమే వాడు వాళ్ళ నాయనమ్మను వెంటబెట్టుకుని అంకుల్ ఇంటికొచ్చాడట. తప్పయిందన్నాడట. ఈయన, సరేలే, ఆరు వారాలు ఊరికే ఉంటావెందుకు, వచ్చి నా పక్కన నిలబడు, అన్నారట. వాడు ఆరు శనివారాలు చిన్నపిల్లల మ్యాచుల్లో ఆయన వెనకే నిలబడి, ప్రతి బంతికీ ఆరా ఒకటా చెప్పాడట. కట్టు కట్టిన చేత్తో జెండా పట్టలేని ఈయనకు జెండా అందించింది వాడే. ఇదంతా మాకెవరికీ తెలియదు. అడిగితే కదా తెలిసేది.

"అంటే తీసుకోవాల్నంటారా?" అన్నాను.

"అది వేరే మాట. తాగుతాడు, కొట్లాడతాడు. మీకు భయముంటే వద్దనండి, తప్పు ల్యా. భయమనే రాయండి. నా పేరు రాయొద్దు."

"మిమ్మల్ని అడిగితే ఏం చెప్పేటోళ్ళు?"

"తీసుకోమనే చెప్పింటా. కానీ శనివారం ఒక్కటే మనోడంటే కుదరదు. మంగళవారం ట్రైనింగ్‌కి రాకపోతే ఎవురైనా పోయి తలుపు కొట్టాల. గోల్స్ కొట్టే కాలు కావాల, ఆ కాలుండే మనిషి వద్దంటే ఎట్లమ్మా?"

తర్వాతి మీటింగ్‌కు ఆయనే వచ్చారు. పాత మినిట్స్‌లో దిద్దుబాట్లున్నాయా అని ప్రతిసారీ మొదట అడుగుతారు. ఎవరూ ఏమీ అనరు. ఆ రోజు అంకుల్ చెయ్యెత్తి లేచి, గోల్ అంపైర్ మనోభావాలని రాశారు, గోల్ అంపైర్‌ను ఎవరూ అడగలేదు, దయచేసి దిద్దండి, అన్నారు. ఇంగ్లీషులో, మెల్లగా, మందు చీటీ చదివి చెప్పినట్టు. ప్రెసిడెంట్ నవ్వి, "మేట్, మినిట్స్‌లో ఉండేది ఆ రోజు మేం అన్న మాట, నిజమేమిటన్నది కాదు" అన్నాడు. కొందరు నవ్వారు. నా చేతిలో పెన్ను ఉంది. ఆ వాక్యం రాసినదాన్ని నేను. లేచి ఒక్క మాట అనలేకపోయాను. అంకుల్ నా వంక చూడను కూడా లేదు. థాంక్యూ చెప్పి కూర్చున్నారు.

సీజనంతా జెండాలు ఊపారు, ఒక్క శనివారం మానలేదు. ఆట అయ్యాక క్లబ్ రూములో టీ తాగడం మాత్రం మానేశారు.

వాడు ఊరి బయట కంచెలు వేసే పనిలో కుదిరాడు. వేరే క్లబ్బులేవీ తీసుకోలేదు. మొన్న మార్చిలో ఒక గురువారం మా అమ్మాయిని తీసుకుని వస్తుంటే స్కూలు గ్రౌండులో ఇద్దరు కనిపించారు. వాడు బంతి తన్నుతున్నాడు. గుంజల మధ్య తెల్ల టోపీ పెట్టుకుని అంకుల్. కారు ఆపి చూశాం. ప్రతి తన్నుకూ అంకుల్ కదిలి సరిగ్గా బంతి దారిలోకి వచ్చి, వేళ్ళెత్తి చూపించి, జెండా ఊపుతున్నారు. రెండో కొసన ఊపి జవాబిచ్చే అంపైర్ లేడు, స్కోరు రాసుకునేవాళ్ళు లేరు.

"మమ్, దేర్స్ నో వన్ దేర్. వై ఈజ్ హి సిగ్నలింగ్?" అంది మా అమ్మాయి.

కారు ముందుకు పోనిచ్చాను. తర్వాత ఆంటీ చెప్పింది, ప్రతి గురువారం అంతేనట, వాడు తాగుడు మాని ఏడు నెలలైందట. ఆ లెక్క కూడా వాడు చెప్తే తెలిసిందే, అంకుల్ నోటి వెంట రాలేదు.

ఇంత జరిగాక, ఆయన గౌరవం కోసం మేం కష్టమైన నిర్ణయం తీసుకున్నామని నివాళిలో రాయాలట. బతికుండగా నా పేరు వాడుకోవద్దని లేచి నిలబడి చెప్పిన మనిషి పేరు, ఇక లేచి చెప్పలేడు కాబట్టి వాడుకోవాలట. ఏటేటా ఆయన పేరిట 'రెస్పెక్ట్ అవార్డు' కూడా పెడతారట. నాకు కడుపు మండిపోతోంది. సగం మంట నా మీదే. వచ్చే మీటింగ్‌కు నేను రెండు తీర్మానాలు రాసిపెట్టాను. నిరుటి మినిట్స్ దిద్దాలని ఒకటి. ఆ ఆటగాణ్ణి తీసుకోవాలా వద్దా అన్నది మళ్ళీ ఓటుకు పెట్టాలని, ఈసారి వద్దనేవాళ్ళు ఎవరి కారణం వాళ్ళు తమ నోటితో చెప్పాలని రెండోది. ఓడిపోతానేమో. ఓడిపోతే ఆ ఓటమి ఎందుకో కాగితం మీద ఉంటుంది.

శుక్రవారం దహనానికి క్లబ్ వాళ్ళు పాతికమంది క్లబ్ టైలు కట్టుకుని వచ్చారు. అంకుల్‌ను ఉంచిన పెట్టెను కారులోంచి దహనశాల లోపలికి మోసుకెళ్ళాలి, ఆరుగురు కావాలి. అల్లుడు, అతని తమ్ముడు, మా ఆయన, వీధిలో మనవాళ్ళు ఇద్దరు. ఆరో మనిషి కోసం చూస్తుండగానే ప్రెసిడెంట్ చొరవగా ముందుకొచ్చి ముందు పిడి మీద చెయ్యి వేశాడు. ఆంటీకి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆమె వచ్చి అతని ఎదుట నిలబడి, "నాట్ యు" అంది. గట్టిగా కూడా అనలేదు. అతను చెయ్యి తీశాడు. ఆంటీ నా వైపు తిరిగి, "ఆ పిల్లోన్ని పిలువమ్మా. గురువారాలన్నీ ఈయనతో ఉన్నోడు వాడే" అంది.

వాడు దూరంగా, కార్లు ఆపేచోట గోడ పక్కన నిలబడి ఉన్నాడు. వెళ్ళి చెప్పాను. "ఆర్ యు షూర్? దే వోంట్ లైక్ ఇట్" అన్నాడు. ఆంటీ పిలుస్తోందని చెప్పి నడిచాను. వెనకే వచ్చాడు. క్లబ్ టైలు కట్టుకున్నవాళ్ళు అటూ ఇటూ జరిగి దారి ఇచ్చారు.

ఆరుగురూ భుజాల మీదికి ఎత్తుకున్నారు. మనవాళ్ళ అయిదుగురి కంటే వాడు ఒక తల పైనే ఉంటాడు. ఎత్తగానే పెట్టె వాడి వైపు లేచి, ఒక పక్కకు ఒరిగింది. వాడు అది గమనించి మోకాళ్ళు వంచాడు. భుజం మా ఆయన భుజం ఎత్తుకు వచ్చేదాకా వంచి, పెట్టె సమంగా నిలిచాక అడుగు వేశాడు. కారు నుంచి లోపలి గుమ్మం దాకా డెబ్భై, ఎనభై అడుగులుంటుంది. కాళ్ళు వణకడం మాకందరికీ కనపడుతూనే ఉంది. అంత దూరమూ అలా వంగే నడిచాడు.