ఎవరూ తొక్కని నీళ్లు

మా పక్కింటి సుబ్బమ్మ నన్ను టీచరమ్మా అనేది. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరైన దాన్ని, టీచరమ్మా అంటే నాకు చిర్రెత్తుకొచ్చేది. ఎన్నిసార్లు చెప్పినా పిలుపు మార్చుకోలేదు. ఇప్పుడు నన్నలా పిలిచేవాళ్లు లేరు. అదీ నాకు నచ్చడం లేదు.

ఆమెది కదిరి దగ్గర పల్లె. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకున్న పెద్ద పని నీళ్లు మోయడమే. భర్త పెద్దన్న పొలంలో వరసగా బోర్లు వేయించాడు. ప్రతిసారీ రాతిపొడి లేచి అందరి మొహాలూ తెల్లబడ్డాయి తప్ప చుక్క నీరు పడలేదు. ఎట్టకేలకు ఒక బోరులో నీళ్లు పడితే సుబ్బమ్మ గిన్నెడు పసుపు కలిపి అందులో పోసి గంగమ్మకు దండం పెట్టుకుంది. ఆ బోరు మరుసటి ఎండాకాలానికే ఎండిపోయింది. కానీ ఆ ఏడే, ఇక పిల్లలు పుట్టరనుకున్న ఆమెకు దినేష్ పుట్టాడు. అప్పటి నుంచి కొత్త నీళ్లు ఇంటికొస్తే పసుపు పోయాల్సిందే, గంగమ్మ కడుపు పండిస్తుందన్నది ఆమె నమ్మకం.

పెద్దన్న పోయాక ఆమె కొడుకు దగ్గరికి వచ్చేసింది. దినేష్, కోడలు సుష్మ ఇద్దరూ హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేస్తారు. మదీనాగూడలో, ముంబై హైవే హారన్లు సన్నగా వినిపించేంత లోపలికి, మా గోడను ఆనుకుని ఇల్లు కట్టుకున్నారు. ఇంట్లో అన్నీ ఉన్నాయి, పిల్లలు లేరు. సుష్మకు రెండుసార్లు కడుపు నిలిచి, రెండుసార్లూ మూడో నెల దాటకుండానే పోయింది. సుబ్బమ్మ కోడల్ని పల్లెత్తు మాట అనలేదు. నా దగ్గర మాత్రం, "ఒక బిడ్డ ఈ గడప దాటి లోపలికొస్తే సాలు టీచరమ్మా, నాకింకేం అక్కర్లేదు" అనేది. ఆమె బతుకంతా ఆ ఒక్క కోరిక మీదే నిలబడి ఉండేది.

రోజంతా కూర్చుని పనిచేసే సుష్మకు నడుంనొప్పి పట్టుకుంది. దాని కోసం దినేష్ హాట్ టబ్, అంటే వేడినీళ్లలో కూర్చునే పెద్ద తొట్టి, కొన్నాడు. పెరట్లో గట్టిగా సిమెంటు దిమ్మె పోయించాడు, కరెంటుకు వేరే లైను లాగించాడు. దాన్ని క్రేనుతో గోడ మీదుగా దించుతుంటే మా వీధి వీధంతా వచ్చి చూసింది. అందరూ చూడటం సుబ్బమ్మకు గిట్టలేదు. ట్యాంకరుతో నీళ్లు నింపారు. బిగించడానికి వచ్చిన బుల్లిబాబు నీళ్లలో కాగితం ముక్క ముంచి రంగు చూసి, "నీళ్లు కాస్త పులుపు మీదున్నాయండి, ఈ పౌడరేస్తే సరిపోద్దండి" అంటూ తెల్లటి సోడా పొడిని చేతికి వచ్చినంత గుమ్మరించాడు. ఫోనొస్తే మాట్లాడుతూ బయటికి వెళ్లాడు.

అప్పుడే సుబ్బమ్మ గిన్నెడు పసుపు నీళ్లతో వచ్చింది. తొట్టిలో వంపి కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. కళ్లు తెరిచేసరికి నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

మన ఇళ్లలో ఎర్రనీళ్లంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. పసుపులో సున్నం కలిపి, మనిషి చుట్టూ తిప్పి, దిష్టి తీసి, ఎవరూ తొక్కని చోట పారబోసే నీళ్లవి. అటువంటి నీళ్లు తొట్టెడు, ఎవరూ సున్నం కలపకుండా, పెరట్లో కనిపించాయి. సుబ్బమ్మ అరవలేదు. గిన్నె పక్కన పెట్టి మా గోడ దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, ఒకసారి ఇట్ల రా" అంది.

నేను వెళ్లి చూసి నవ్వాను. "ఏందక్కా, గింతదానికే పరేషాన్ అయితవా? సోడా ఎక్కువ పడ్డది. సున్నం చేసే పనే సోడా చేస్తది. పసుపు ఎర్రగైంది. అంతే" అన్నాను. బుల్లిబాబు సంచీలో ఉన్న పులుపు పొడి వేయించాను. ఎరుపు పోయి పసుపు తేలింది. క్లోరిన్ పడ్డాక ఆ పసుపూ విరిగిపోయింది. సాయంత్రానికి నీళ్లు తేటగా ఉన్నాయి. క్లాసులో ప్రయోగం కుదిరినప్పటి గర్వంతో ఆమె వైపు చూశాను.

"రంగు పోయింది సరే" అంది సుబ్బమ్మ, "దిష్టి యాడికి పోయింది?"

ఆమె కొడుకుతో గట్టిగా చెప్పేసింది. ఆ నీళ్లలో ఇంటి మీద ఉన్న దిష్టి అంతా ఉందట, సుష్మ కాలు పెట్టకూడదట. నీళ్లు పారబోస్తానన్నాడు దినేష్. "యాడ పారబోస్తావు నాయనా? ఎవురూ తొక్కని చోటు ఈ ఊర్లో యాడుండాది?" అంది. దినేష్ వీధి వైపు చూశాడు. ఒకవైపు స్కూలు బస్సులు ఆగేచోటు, ఇంకోవైపు అపార్ట్‌మెంట్ గేటు. నీళ్లు వదిలే మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ విధంగా తొట్టి సుబ్బమ్మ చేతికి వచ్చింది. పడ్డ ఆకులు ఆమే తీసేది. వడపోత గొట్టాన్ని విప్పి కుళాయి కింద మడత మడతా కడిగేది. నీళ్లలో ముంచిన కాగితం తెచ్చి, "రంగు సూడు టీచరమ్మా" అని గోడ మీదుగా అందించేది. నేను విసుక్కుంటూనే కళ్లజోడు పెట్టుకునేదాన్ని.

రోజూ మధ్యాహ్నం ఎవరూ మీట నొక్కకుండానే పంపు తిరిగేది. నీళ్లు వాటంతటవే వడకట్టుకునే ఏర్పాటు అది. మూత కింద ముందు గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు, ఆ తర్వాత గుడగుడ. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో తమలపాకూ వక్కా నములుతూ కూర్చున్న సుబ్బమ్మ, "ఆఁ, ఉండా" అని బదులిచ్చేది. ఎవరికి చెబుతున్నావని అడిగితే, "పిలిస్తే పలకొద్దా?" అంది. పట్టపగలు, ఎండ మండుతుండగా నా ఒళ్లు జలదరించింది. నేను ఇంట్లోకి వచ్చి ఫ్యాన్ వేసుకున్నాను.

సుష్మ దిగుదామని అనుకున్న ప్రతిసారీ నీళ్లు ఎర్రబడేవి. ఆ పిల్ల భయపడి వెనక్కి తగ్గేది. నేను ఊరుకుంటానా? ఒకరోజు మిద్దె మీద కాపు కాశాను. సుబ్బమ్మ ఒక చేత్తో పసుపు గిన్నె, ఇంకో చేత్తో సున్నం డబ్బా పట్టుకుని, మూత తీసిన తొట్టి మీదికి వంగుతూ దొరికిపోయింది.

"ఏందక్కా ఈ దొంగపని" అన్నాను.

"నా కోడలు దిగకూడదు. నా మాట ఇనదు. రంగు సూస్తే ఇంటాది."

"ఎన్ని దినాలు కలుపుతవ్?"

"నేనుండేంత వరకూ కలుపుతా."

"నువ్ పోయినంక?"

"పోయినాక కూడా కలుపుతా. నాకు ఆడ ఏరే పనేముండాది?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నేనా సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఎండాకాలం మధ్యలో ఒక మధ్యాహ్నం పంపు తిరిగింది. గొంతు సవరించుకున్న చప్పుడు వచ్చింది, గుడగుడ వచ్చింది. "ఆఁ, ఉండా" అన్న మాట రాలేదు. చేతిలో పని వదిలేసి గోడ దగ్గరికి వెళ్లి చూశాను. సుబ్బమ్మ కుర్చీలో తల పక్కకు వాల్చి ఉంది. సున్నం డబ్బా ఒళ్లో ఉంది. నేను గోడ పట్టుకుని ఏడ్చాను. ఆ ఇంటికి బిడ్డ రావడం చూడకుండానే వెళ్లిపోయింది.

కర్మకాండలు అయ్యాక బుల్లిబాబు వచ్చి నీళ్లన్నీ వదిలేశాడు. వానలు వెళ్లాక సుష్మ నడుంనొప్పి మళ్లీ తిరగబెట్టింది. దినేష్ తొట్టిని సోపుతో కడిగించాడు, పాత వడపోత గొట్టం పారేసి కొత్తది పెట్టించాడు, మంచినీళ్లు నింపించాడు. నన్ను పిలిస్తే వెళ్లి నా చేత్తో నేనే కాగితం ముంచి చూశాను. సోడా గానీ పులుపు గానీ ఎక్కువ లేవు. నీళ్లు అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి.

పొద్దు వాలుతోంది. సుష్మ మెట్టెక్కి అంచు మీద కూర్చుని, నాకేసి చూసి నవ్వి, కుడికాలి బొటనవేలు నీళ్లకు ఆనించింది.

వేలు తగిలిన చోట ఎర్రటి చుక్క పుట్టింది. పారాణి కడిగినట్టు అక్కడి నుంచి ఎరుపు పరుచుకుంటూ పోయింది. మేం ముగ్గురం చూస్తుండగానే తొట్టి ఆ మూల నుంచి ఈ మూల దాకా నిండిపోయింది. తమలపాకు వాసన గుప్పుమంది. సుష్మ కాలు వెనక్కి తీసుకుంది.

నేను ఊరుకోలేదు. ముసలావిడ ఎక్కడో పసుపు మూట దాచి ఉంటుందని వడపోత గొట్టం లాగి చూశాను. ఉతికిన పంచెలా తెల్లగా ఉంది. ఆ గొట్టం ఉండే గూట్లో చెయ్యి పెట్టి వెతికాను. ఏమీ లేదు. మళ్లీ కాగితం ముంచాను, ఇందాకటి రంగే చూపించింది. మొండిగా ఇంట్లోంచి పసుపు తెచ్చి, లోటాడు ఆ ఎర్రనీళ్లు తీసుకుని అందులో వేశాను. పసుపు పచ్చగానే తేలింది. ఆ నీళ్లకు పసుపును ఎర్రగా చేసే గుణం లేదు. నేను చదివిన చదువు ప్రకారం అవి ఎర్రగా ఉండకూడదు. నాకు భయమేసింది. మా ఇంటి తలుపు వేసుకునేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ వారమే సుష్మకు వాంతులు మొదలయ్యాయి. డాక్టరమ్మ పరీక్ష చేసి, నెల తప్పిందని చెప్పి, మొదట అడిగిన మాట వేడినీళ్ల తొట్లలో గానీ కూర్చున్నావా అని. తొలి నెలల్లో ఒళ్లు అంత వేడెక్కితే లోపలి బిడ్డకు మంచిది కాదట. సుష్మ లేదంది. దినేష్ దవాఖాన నుంచి వచ్చి నేరుగా పెరట్లోకి వెళ్లాడు. నీళ్లు వదిలేసి, తొట్టికి వచ్చే కరెంటు వైరు ఊడబీకి, మూత వేశాడు.

మూడో నెల దాటింది. తొమ్మిదీ నిండాయి. ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తెచ్చిన రోజు గుమ్మంలో దిష్టి తియ్యడానికి పెద్దదిక్కుగా నన్ను నిలబెట్టారు. పసుపు నా ఇంటిది. సున్నం సుబ్బమ్మ డబ్బాలో గట్టిపడిపోయి ఉంటే నీళ్ల చుక్క వేసి అరగదీశాను. పళ్లెంలో నీళ్లు ఎర్రబడ్డాయి. ఎందుకు ఎర్రబడ్డాయో ఆలోచించలేదు. తల్లీబిడ్డల చుట్టూ తిప్పి, ఎక్కడ పారబోయాలా అని వీధిలోకి చూశాను. స్కూలు బస్సు ఆగి ఉంది.

"ఇటు రండి ఆంటీ" అంది సుష్మ. బిడ్డను భుజాన వేసుకుని పెరట్లోకి నడిచింది. దినేష్ తొట్టి మూత ఎత్తాడు. లోపల ఖాళీగా, పొడిగా ఉంది. "ఎవరూ తొక్కని చోటు ఈ ఊర్లో ఇదొక్కటే కదా" అంది.

నేను పళ్లెం వంచాను. ఎర్రనీళ్లు జారి అడుగుకు చేరాయి. తొట్టి కింది గొట్టాల్లోంచి ముందు గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు, ఆ తర్వాత గుడగుడ వినిపించాయి. ఊడబీకిన వైరు చుట్ట గోడకు అలాగే వేలాడుతోంది. గొట్టాల్లో గాలి ఉంటే అట్లనే అయితది అని చెప్పబోయాను.

నాకంటే ముందు సుష్మ బిడ్డను సర్దుకుని తొట్టి వైపు వంగింది.

"ఆఁ, ఉండాం అత్తా" అంది.