గట్టు చూసి రమ్మన్న కోర్టు

లాయరునైన కొత్తలో భీమవరం కోర్టులో మా సీనియర్ గారి వెనక ఫైళ్లు పట్టుకుని నిలబడడమే నా పని. అలాంటిది ఒకరోజు జడ్జి గారు ఓ దావాలో నన్ను అడ్వకేట్ కమిషనరుగా వేశారు. అంటే కోర్టు తరఫున వెళ్లి, తగువు పడ్డ చోటు కళ్లారా చూసి, ఉన్నది ఉన్నట్టు రాసివ్వాలి. తప్పెవరిదో తేల్చడం నా పని కాదు.

దావా వేసింది, భర్త పోయాక సొంతంగా వరి సాగు చేసుకుంటున్న ఒకావిడ. వేసింది మరిది మీద. పక్క భూమిలో ఆయన రొయ్యల చెరువు తవ్వించాడు. ఉప్పునీరు ఊటగా దిగి తన చేను చచ్చిపోతోందని ఆవిడ, ఎరువు తేడా వల్లే అలా అయిందని ఆయన. దావా పడ్డాక ఇద్దరికీ మాటల్లేవు.

నేను వెళ్లేసరికి ఇద్దరూ, వాళ్ల లాయర్లూ గట్టు మీద ఉన్నారు. ఎండ మండిపోతోంది. మరిది కొబ్బరిబోండం కొట్టించి తెచ్చాడు.

"తీసుకోండి మేడం గారూ, మా చెట్టుదేనండి."

"వద్దండి. ఇవాళ ఎవరి దగ్గరా ఏమీ తాగకూడదు."

ఆ మాట విని, వదినగారు తను తెచ్చిన మజ్జిగ చెంబు మెల్లగా బుట్టలోకి నెట్టేసింది.

గట్టు పొడవునా నడిచాను. గట్టునానుకున్న మడిలో రెండో పంట, దాళ్వా పైరు, ఎర్రబారి ఉంది. దూరం పోయేకొద్దీ పచ్చబడింది. ఫొటోలు తీసి, పరీక్షకు పంపడానికి మడిలో నీళ్లు సీసాలో పట్టాను. అప్పుడు ఆవిడ మరిది వైపు తిరిగింది.

"నేను చెబితే నమ్మవుగా. నువ్వే నోట్లో పోసుకుని చూడు."

"అవసరం లేదండి" అని ఆయన లాయరు అంటూనే ఉన్నారు. మరిది వంగి దోసిట్లో నీళ్లు తీసుకున్నాడు. పుక్కిలించి ఉమ్మేశాడు.

"ఉప్పగానే ఉన్నాయి వదినా."

ఆ మాట రిపోర్టులో రాయాలా? సాయంత్రం మా సీనియర్ గారినడిగాను.

"చూసింది రాయమ్మా. ఆయన మాట ఆయనే కోర్టులో చెప్పుకోవాలి."

అలాగే రాశాను. కానీ రేపు ఆయన కాదంటే ఆవిడ గతేంటన్న దిగులు మాత్రం పోలేదు.

వాయిదా రోజున, రిపోర్టు మీద అభ్యంతరాలున్నాయా అని జడ్జి గారడిగారు. మరిది తరఫు లాయరు లేచారు. ఆయన నోరు తెరిచేలోగానే వెనకనుంచి మరిది గొంతు వినిపించింది.

"అభ్యంతరం ఏమీ లేదండి. ఆ నీళ్లు నేనూ చూశానండి. ఉప్పేనండి."

హాలంతా అటు తిరిగింది. రాజీకి ఇష్టమేనా అని జడ్జి గారు ఇద్దరినీ అడిగి, దావాను లోక్ అదాలత్‌కు పంపారు. అక్కడ, చెరువుకీ గట్టుకీ మధ్య తన భూమిలోనే ఊటనీరు పోయే కాలువ తవ్విస్తానని ఆయన ఒప్పుకున్నాడు.

"మీకు సమ్మతమేనా అమ్మా?" అని అడిగారు జడ్జి గారు.

"సమ్మతమేనండి. ఏటా పూడిక తియ్యాలని కూడా రాయించండి."

జడ్జి గారు నవ్వి, రాయించారు.

బయటికొచ్చాక ఇద్దరూ కలిసి వెళ్లలేదు. ఆవిడ ఆటో ఎక్కింది, ఆయన మోటారుసైకిల్ తీశాడు. కొన్నాళ్లకు కాలువ తవ్వడానికి పొక్లెయిన్ దిగిందని విన్నాను. వానాకాలం సార్వా పంట వేశాక అటు వెళ్తూ బస్సు కిటికీలోంచి చూశాను. గట్టు పక్క మడిలో పైరు ఇంకా పలచగానే ఉంది. కానీ ఎరుపు లేదు.