టోల్ కట్టి వచ్చి అమ్మని తీసుకెళ్ళిపోయారు

ఈ రోజు పొద్దున అమ్మ ఏలూరు నుంచి వచ్చి నాంపల్లి స్టేషన్‌లో దిగింది. నేనుండేది ఉస్మాన్‌గంజ్‌లో, అక్క వాళ్ళుండేది షాద్‌నగర్‌లో. దగ్గరున్నదాన్ని కాబట్టి అమ్మ ముందు మా ఇంటికే వస్తుందని, ఆవిడకిష్టమైన చేపల పులుసు రాత్రే పెట్టి ఉంచాను.

తీరా అమ్మని తీసుకురావడానికి స్టేషన్‌కి బయల్దేరితే, నేనెక్కిన ఆటో అబిడ్స్‌లో ఇరుక్కుపోయింది. "ఫుల్ జామ్ ఉంది అక్కా, జర ఆగాలె," అన్నాడు ఆటో అతను. ఆగి ఆగి విసుగొచ్చి దిగి నడిచాను. స్టేషన్ బయట అక్క వాళ్ళ కారుంది. అమ్మ అప్పటికే వెనక సీట్లో కూర్చుంది.

"అంత దూరం నుంచి నాకన్నా ముందెలా వచ్చారు?" అని అడిగాను.

"టోల్ కట్టాం కదా, హైవే అంతా ఖాళీ," అన్నాడు బావ. "ఊళ్ళో కూడా డబ్బు కట్టేవాళ్ళకి ఒక లేన్ విడిగా పెడితే ఈ రద్దీ తగ్గిపోతుంది మరదలా."

అక్క నవ్వింది. అమ్మ కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు స్టేషన్ పక్కనే ఉంటావు కదే, తిరిగి వెళ్ళేటప్పుడు వస్తాలే," అంది.

సరేనని తల ఊపాను. కారు వెళ్ళిపోయింది. మళ్ళీ అదే ట్రాఫిక్‌లో పడి ఇంటికొచ్చి, పులుసు ఒక్కదాన్నే తిన్నాను. అక్క మీద కుళ్ళుతో రుచి కూడా తెలియలేదు.

బావ చెప్పిన లేన్ అబిడ్స్‌లో పెడితే మొదట డబ్బు కట్టేది నేనే. అక్క కారు వచ్చేసరికి గేటు మూసెయ్యమని కూడా అడుగుతాను. అక్కచెల్లెళ్ళున్నవాళ్ళు చెప్పండి, నాది మరీ అన్యాయమంటారా?