వామి చూసి పంట పండిందన్న మిషన్

2023 ఖరీఫ్. గుమ్మఘట్టలో రోడ్డు పక్కన నాదొక ఒంటిగది దుకాణం. పాస్‌పోర్టు ఫొటోలు, జిరాక్సు, ఆన్‌లైన్ పనులు. నా చదువు ఏడో తరగతితో ఆగింది. ఆ ఒక్క సంగతిలో నేనూ మా లెక్కల సారూ ఒకే మాట మీద ఉన్నాం. ఊళ్లో అందరికీ నేను బాషానే, పని పడితే మాత్రం బాషన్నా.

ఆ ఏడు మా వైపు పంటనష్టం తేల్చడానికి ఒక కొత్త యాప్ పెట్టి చూస్తున్నారు. రైతు తన చేనులో నిలబడి జియోట్యాగ్ ఫొటో తీసుకోవాలి. అంటే, ఎక్కడ తీశారో ఆ చోటు కూడా ఫొటోతో పాటు నమోదయ్యే రకం. దాన్ని నేను అప్‌లోడ్ చేస్తే, ఉపగ్రహం తీసిన బొమ్మతో కలిపి చూసి ఏఐ తీర్పు చెబుతుంది. నష్టం అని తేలితే రైతు పేరు కరువు జాబితాకెక్కుతుంది. పేరుంటేనే పశువులకు సర్కారు గడ్డి.

ఒక పొద్దున ఎర్రిస్వామి వచ్చాడు. ఐదెకరాల వేరుశనగ, ఒక జత ఎద్దులు, అదీ అతని ఆస్తి. ఫోను నా ముక్కు దగ్గర పెట్టాడు.

"సూడు బాషన్నా, ఏందో వచ్చిండాది."

చదివాను. "పంట కోత పూర్తయింది. నష్టం లేదు."

"కాయే లేకపోతే కోత యాడిదప్పా?"

"నీ చేను మిషన్‌కు నచ్చిండాది సామీ. సన్మానం చేస్తారేమో, కొత్త పంచె తీసి పెట్టుకో."

అతను నవ్వలేదు. "నగొద్దన్నా. ఎద్దులకు ఉండే కసువు పది దినాలకు గూడా రాదు. జాబితాలో పేరు రాకుంటే వచ్చే శుక్రవారం జతను అమ్మేదానికి సంతకు తోలల్ల."

అతని ఫొటో తెరిచి చూసి నేనూ నవ్వడం మానేశాను. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు, వెనక వేరుశనగ మొక్కలు కుప్ప పోసిన ఇంటెత్తు వామి. అక్కడ నిలబడమన్నది నేనే. వారం కిందట "యాడ నిలబడల్లన్నా?" అని ఫోన్ చేస్తే, "బోడి చేన్లో ఏం బాగుంటాది? వామి పక్కన నిలబడు, ఎనకాల నిండుగా కనపడతాది" అన్నాను. పెళ్లి ఫొటోలు తీసిన చెయ్యి, వెనక ఖాళీ కనబడితే ఊరుకోదు.

వామి సంగతి చెప్పాలి. ఆ ఏడు ఊడలు దిగే సమయానికి వాన పడలేదు. ఊడ నేలలోకి దిగకపోతే కాయ లేదు. కాయ రాదని తెలిశాక మా రైతు మొక్కను చేనులో వదిలెయ్యడు. ఎండి పొడైపోకముందే పీకి, పశువుల మేతకని వామి వేస్తాడు. పంట పండినా వామే, పోయినా వామే. మిషన్ ఖాళీ నేల చూసింది, పక్కన వామి చూసింది, బ్రహ్మాండంగా పండింది అనుకుంది. బొమ్మలు చూసి సేద్యం నేర్చుకున్న ఎవరైనా అలాగే అనుకుంటారు.

యాప్‌లో 'మళ్లీ పరిశీలన' అని ఉంటే నొక్కాను. టీ తాగేలోపు జవాబొచ్చింది, అదే జవాబు. వామి లేకుండా మళ్లీ తీయించిన ఫొటో పెట్టాను. మళ్లీ అదే, మొదటి ఫొటో దాని బుర్రలో అతుక్కుపోయినట్టుంది. ఇంత తొందరగా జవాబిచ్చేది ఎవరబ్బా, ఎక్కడ కూచుంటాడు అని నాకు దురద పట్టుకుంది.

నెట్‌లో వెతికితే ఏఐ మీద ప్రభుత్వ వ్యూహం ముసాయిదా ఒకటి దొరికింది. మిషన్ చేతే తెలుగు చేయించి, జిరాక్సుల మధ్య రెండు మధ్యాహ్నాలు చదివాను. బళ్లో అన్ని పేజీలు చదివి ఉంటే ఈపాటికి నేనే ఆఫీసరును. అందులో 'మానవ భద్రత' అన్న మాట చూసి తాళాలు, పోలీసులు అనుకున్నాను. కాదట. తిండి, నీళ్లు, ఆరోగ్యం, బతుకుతెరువు, ఇవి చేజారకుండా చూడటమట. పరిశ్రమలకూ అభివృద్ధికీ మిద్దెలు కట్టి, ఈ భద్రతకు నా దుకాణమంత గది ఇచ్చారు. ఆ గదిలో ఒక మంచి మాట దొరికింది: మనిషి బతుకును తాకే తీర్పు మిషన్ ఇస్తే, దాన్ని ఒక మనిషి చూడాలని అడగవచ్చు.

ఎర్రిస్వామికి చదివి వినిపించాను.

"మనిషి సూస్తాడంట సామీ."

"ఏ మనిషి?"

"అది రాయలే."

"అట్లయితే మనమే ఎతుకుదాం పా."

వ్యవసాయాధికారి మేడం గుంటూరు వైపు మనిషి, కొత్తగా వచ్చారు. ఆ ముసాయిదా కాగితాలు ఆమె బల్ల మీద పెట్టాను. తిరగేశారు.

"ఇది వ్యూహమండీ, ఆర్డరు కాదు."

"ఇందులో ఒక మనిషుండాడు మేడం. ఆయప్పను సూసి పోదామని వచ్చినాం."

ఆమె నవ్వారు. తర్వాత కంప్యూటర్ తెర మా వైపు తిప్పారు. "నా లాగిన్‌లో తీర్పు మార్చే బటన్ ఉంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు, నేనూ నొక్కలేదు. నొక్కితే కారణం రాయాలి. పైనుంచి అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది నేనే." ఎర్రిస్వామి వైపు తిరిగారు. "పంట పోయిందంటున్నారు, మరి వామి ఎందుకు వేశారు?"

"మాకు కాయ రాలే మేడం. ఎద్దులకు ఆకన్నా దక్కల్ల కదా. చేన్లో ఇడిస్తే గాలికి పోతాది."

మర్నాడు పొద్దున్నే మేడం స్కూటర్ మీద చేనికి వచ్చారు. వామి అంచున కాకుండా మధ్యలోకి చెయ్యి దూర్చి మోపెడు మొక్కలు లాగారు. నేల మీద కూచుని వెతికారు. దొరికిన కాయలు దోసెడు కూడా లేవు. ఒక్కొక్కటీ గోటితో చిదిపారు. కొన్నిటిలో గాలి, కొన్నిటిలో ముడతలు పడిన పొట్టు. అరచెయ్యి చాపి "తియ్యండి ఫొటో" అన్నారు. ఈసారి వెనక ఏముందో నేను చూడలేదు. అక్కడే నిలబడి కారణం రాశారు: మేత కోసం పీకిన మొక్క, గింజ లేదు. బటన్ నొక్కారు.

గురువారానికి జాబితాలో పేరొచ్చింది. శుక్రవారం ఎర్రిస్వామి సంతకు పోయాడు, ఎద్దులకు కొత్త పలుపులు కొనుక్కోవడానికి.

కథ ఇక్కడ ముగిస్తే నాకు బాగుండేది. కానీ వామి పక్కన నిలబడమని నేను సలహా ఇచ్చింది అతనొక్కడికే కాదు. ఆ సీజన్ ఫొటోలన్నీ మళ్లీ తెరిచి, వెనక వామి ఉన్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేశాను. చాలామందికి అదే మెసేజ్ వచ్చింది, సర్కారు మాటే కదా అని ఊరుకున్నారు. మేడం వాళ్ల చేలకూ తిరిగారు. చివరి ఫోను ఓబులేసు అనే రైతుకు.

"ఇప్పుడు చెప్తాండావా అన్నా? పోయిన సంతకే తోలేస్తి జతను."



అప్పటినుంచి ఫొటో పంపే ముందు "ఇందులో కనబడనిది ఏముంది?" అని అడుగుతాను. అందరూ ఖాళీగా వదిలేసే 'రిమార్క్స్' గడిలో ఆ సంగతి రాస్తాను. మిషన్ దాన్ని చదువుతుందో లేదో నాకింకా తెలియదు. తెలుసుకోవాలని ఉంది.

ఆ ముసాయిదా చివర ప్రజలు అభిప్రాయం చెప్పవచ్చని ఉంటే నేనూ రాసి పంపాను. "మనిషి చూస్తాడని రాశారు, సంతోషం. ఎన్ని దినాల్లోపల చూస్తాడో కూడా రాయండి. ఓబులేసు జతను అమ్ముకున్నాక చూస్తే లాభం లేదు."

ఓబులేసు ఎవరో వాళ్లకు తెలియదని నాకు తెలుసు. అయినా పేరు పెట్టే రాశాను.