చెంబెడు నీళ్ల మేస్త్రి

డెబ్బైల్లో హైదరాబాదు శాలిబండలో మా అద్దె ఇంట్లో, రోజూ మనిషి వచ్చి ఎత్తిపోసే పాత పాయిఖానా తీసేసి నీళ్లు పోసే మరుగుదొడ్డి కట్టిన మేస్త్రి నాకింకా గుర్తే. నల్లా గంటసేపే వచ్చేది. బిందెలకు బిందెలు పోయాలేమోనని అమ్మ భయం.

ఆయన వాదించేవాడు కాదు. ఏ ఇంట్లో కట్టినా చివరికి ఇల్లాలి చేతికే చెంబు ఇచ్చేవాడు.

"నువ్వే పొయ్యమ్మా. గొట్టం వంపు సక్కగుంటే గీ చెంబెడు చాలు."

అమ్మ పోసింది. అంతా శుభ్రంగా కొట్టుకుపోయింది.

అప్పుడే పాయిఖానా ఎత్తే ఆమె వచ్చి, చూసి నిలబడిపోయింది.

"ఇగ నాకు పని లేనట్టేనా అమ్మా?"

అమ్మ కంటే ముందు మేస్త్రే మాట్లాడాడు.

"మా ఇంటామె గూడ పోయినేడు దాంక గిదే పని చేసింది. ఇప్పుడు నాతోని సిమెంటు మాలు కలుపుతది. రేపు మొఘల్‌పురాల పనుంది, నువ్వు గూడ రా."

"నన్ను ఇండ్లల్లకు రానిస్తరా అన్నా?"

"నిన్ను రానియ్యకుంటే నేను గూడ కట్టనని చెప్త. ఫికర్ జెయ్యకు."

వారం తర్వాత ఆమె అమ్మకూ నాకూ బజారులో కనిపించింది. చీరంతా సిమెంటు.

"మొఘల్‌పురాల మేస్త్రికి ఇచ్చినట్టే నాకు గూడ కప్పుల చాయ్ ఇచ్చిండ్రమ్మా," అంది.

ఇన్నేళ్లలో మేమెన్నడూ ఆమెకు కప్పులో చాయ్ ఇవ్వలేదు. అమ్మ ఆమెనూ మేస్త్రినీ ఆదివారం చాయ్‌కి ఇంటికి రమ్మంది.